గోతిక్ హారర్ క్యాంపెయిన్: 1 నుంచి 4 లెవెల్స్ దాకా ఏం ఆడించాలి?

మంచులోయ:

అందరికీ నమస్తే. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) 5వ ఎడిషన్‌లో (2014 రూల్స్) గోతిక్ హారర్ క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) ఒకటి మొదలుపెట్టబోతున్నా. నలుగురు ప్లేయర్స్, ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), విజార్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి), అందరూ ఫస్ట్ లెవెల్ నుంచే. సెట్టింగ్ నా సొంతం. కొండల మధ్య ఒక లోయ, ఏడాదిలో సగం మంచే, పైన కోట, కోటలో ఒక దొరసాని. ఆవిడ వాంపైర్ అని ఊళ్లో అందరికీ తెలుసు కానీ ఎవరూ ఆ మాట పైకి అనరు. పది పదకొండు లెవెల్స్ దాటాక చివర్లో ఆవిడతో తేల్చుకోవాలి. ఆ చివర ఎలా ఉండాలో నాకు బాగా తెలుసు, మొదలు దగ్గరే ఆగిపోయా.

సమస్య ఏంటంటే ఫస్ట్ లెవెల్ విజార్డ్‌కి ఏడెనిమిది హెచ్‌పీ (ప్రాణబలం) ఉంటుంది, నిజంగా భయపెట్టే మాన్‌స్టర్‌ని దింపితే ఒక్క దెబ్బకి పోతాడు, కొత్త కేరక్టర్ షీట్ రాసుకుంటూ కూర్చుంటాడు, అందులో భయం ఏముంది. పోనీ వాళ్లు కొట్టగలిగేవే దింపుదాం అంటే అస్థిపంజరాలు, జాంబీలు, ఎలుకల గుంపులు, డైస్ వేస్తారు, కొడతారు, జేబులు వెతుక్కుంటారు, ముందుకి పోతారు. మామూలు డంజన్‌లో దీపాలు ఆర్పేసినట్టు ఉంటుంది తప్ప హారర్ అనిపించదు. ఇప్పటిదాకా రాసుకున్నవి మూడు, శ్మశానంలో జాంబీలు, పాడుబడ్డ మిల్లులో దెయ్యం, అడవిలో తోడేళ్లు. ఈ మూడింటికీ ప్రాణం ఎలా పోయాలి?

ఇంకో డౌట్, దొరసానిని ఎప్పుడు చూపించాలి? ముందే చూపిస్తే వీళ్లు కత్తులు తీసి మీద పడి చస్తారు, చూపించకపోతే పది లెవెల్స్ దాకా ఆవిడ ఉత్త పేరుగానే మిగిలిపోతుంది. మూడోది, క్లెరిక్ సెకండ్ లెవెల్‌కి రాగానే టర్న్ అన్‌డెడ్ (లేచిన శవాలని తరిమే శక్తి) వచ్చేస్తుంది, ఇక ఆ తర్వాత శవాలు లేచి నడిస్తే ఎవరు భయపడతారు?

అర్ధరాత్రి_డీఎం:

బ్రో ముందు ఒక్క విషయం. లో లెవెల్ హారర్‌కి అడ్డం అనుకుంటున్నావు కానీ అసలు హారర్ బాగా పండేది 1 నుంచి 4 మధ్యలోనే. ఐదో లెవెల్‌లో క్లెరిక్‌కి థర్డ్ లెవెల్ స్పెల్స్ వస్తాయి చూడు. స్పీక్ విత్ డెడ్ వస్తే శవాన్నే ఐదు ప్రశ్నలు అడిగేస్తారు, నీ మర్డర్ మిస్టరీ అక్కడితో సరి. రివివిఫై వస్తే 300 గోల్డ్ వజ్రాలు చేతిలో ఉంటే చాలు, నిమిషం లోపు చచ్చినవాణ్ని లేపేస్తారు. రిమూవ్ కర్స్ వస్తే శాపం అనేది ఒక స్పెల్ స్లాట్ (రోజుకి ఇన్నేనని ఉండే మంత్రాల వాటా) ఖర్చు, అంతే. ఈ మూడూ లేని రోజుల్లో చావు అంటే చావే, శాపం అంటే శాపమే, ఎవరు చంపారో తెలియాలంటే ఇంటింటికీ తిరిగి అడగాల్సిందే. కాబట్టి ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే కథలన్నీ ఇప్పుడే వాడేసుకో.

రెండోది, జాంబీ భయపెట్టట్లేదంటే ఆ జాంబీ ఎవరో ప్లేయర్స్‌కి తెలియదు కాబట్టి. నీ శ్మశానం అడ్వెంచర్‌నే తీసుకుందాం, నేనైతే ఇలా ఆడిస్తా.

మొదటి సెషన్‌లో ఊళ్లో దిగగానే వీళ్లకి పడుకోవడానికి చోటిచ్చేది చర్చి గంట కొట్టే ముసలాయన. ఆయనకి రెండు మూడు చిన్న అలవాట్లు పెట్టు, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు, ఎడమకాలు ఈడుస్తాడు, మెట్లెక్కేటప్పుడు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాడు. రోగ్ చేత గంట ఇరుసుకి నూనె పెట్టించు, ఫైటర్‌తో కట్టెలు కొట్టించు. ఆయన మీద వీళ్లకి ఇష్టం కలగనీ. రెండో సెషన్ మొదట్లో ఆయన చనిపోతాడు. నేల గడ్డకట్టుకుపోయి ఉంది, పైన మంటలు వేసి కరిగిస్తే తప్ప గొయ్యి తవ్వలేరు, దానికి మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా శవం దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండమని ఆయన కూతురు వీళ్లని అడుగుతుంది, ఎందుకంటే ఊళ్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.

మొదటి రాత్రి ఏమీ జరగదు. జనం వచ్చి చూసి వెళ్తుంటారు. ఒకావిడ శవం నోట్లో గులకరాయి పెట్టి వెళ్తుంది. ఒకాయన కాళ్ల బొటనవేళ్లు తాడుతో కలిపి కడతాడు, ఎందుకని అడిగితే అలవాటు అంటాడు. పాస్టర్ ప్రార్థన అంతా చేస్తాడు గానీ ముఖం వైపు ఒక్కసారి కూడా చూడడు. రెండో రాత్రి గదిలో బకెట్‌లో నీళ్లు గడ్డకట్టాయి, శవం జుట్టు మాత్రం తడిగా ఉంది. నువ్వు చెప్పేది అంతే, ఇంకేం వివరించకు. ప్లేయర్స్ ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. మూడో రాత్రి పైన గంట మోగుతుంది, అందరూ పైకి పరిగెత్తాలా ఇక్కడే ఉండాలా అని వాదించుకుంటారు, ఉన్నవాళ్లు ఉంటారు, పోయినవాళ్లు పోతారు, ఎలా పోయినా గంట తాడు దగ్గర మంచు పేరుకున్న ముసలాయన చెయ్యి కనిపిస్తుంది, మెట్ల మీద ఎడమకాలు ఈడ్చిన గీత ఉంటుంది. ఆయన తన పని తను చేసుకుంటున్నాడు.

మాన్‌స్టర్ పరంగా అది ఒక్క మామూలు జాంబీ, ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్‌లో రావాల్సిన అంకె) 8, 22 హెచ్‌పీ, నలుగురికి పెద్ద పనేం కాదు. కానీ మధ్యలో కూతురు నిలబడి ఉంటుంది, నాన్నని కొట్టొద్దని ఏడుస్తూ. జాంబీకి అన్‌డెడ్ ఫోర్టిట్యూడ్ ఉంది కదా, హెచ్‌పీ సున్నా అయ్యే దెబ్బ తగిలినా డీసీ (దాటాల్సిన అంకె) 5 ప్లస్ డ్యామేజ్‌కి కాన్ సేవ్ (ఒంటి దారుఢ్యం మీద తప్పించుకునే డైస్) వేసి గెలిస్తే ఒక్క హెచ్‌పీతో నిలబడుతుంది, రేడియంట్ (దైవకాంతి) డ్యామేజ్ అయినా క్రిట్ (రెట్టింపు డైస్ దెబ్బ) అయినా అయితే ఆ సేవ్ ఉండదు. దాన్ని సేవ్ సక్సెస్ అని చెప్పకు. కిందపడ్డ ముసలాయన గొంతు సవరించుకుని మళ్లీ లేచాడు అని చెప్పు.

ఈ ఒక్క అడ్వెంచర్‌లోనే దొరసాని కథకి దారి కూడా పడుతుంది. రోజూ రాత్రి గంట మోగిందంటే అందరూ ఇళ్లలోకి వెళ్లి తలుపులేసుకున్నారని కోటకి తెలుస్తుంది, అదీ ఊరికీ ఆవిడకీ ఒప్పందం. కొట్టేవాడు చచ్చినా గంట ఆగకూడదు. ఇది ప్లేయర్స్‌కి తెలియడానికి క్లూ ఒక్కటి పెట్టి ఊరుకోకు, కనీసం మూడు చోట్ల పెట్టు, కూతురి మాటల్లో ఒకటి, గంట కింద గోడ మీద గీతల్లో ఒకటి, పాస్టర్ దగ్గర పుస్తకంలో ఒకటి. రెండు మిస్ అయినా కథ ఆగదు.

డైస్‌పెట్టె:

పైన చెప్పింది చాలా బాగుంది. నేను లెక్కల సంగతి చెప్తా, ఎందుకంటే ఛాలెంజ్ రేటింగ్ (మాన్‌స్టర్ ఎంత కష్టమో చెప్పే అంకె) చూసి మాన్‌స్టర్లని ఎంచుకుంటే ఈ లెవెల్స్‌లో మొత్తం పార్టీ పోయే ప్రమాదం ఉంది.

షాడో (నీడ దెయ్యం) రేటింగ్ సగం అని చూసి ఫస్ట్ లెవెల్‌కి సరిపోతుందనుకుంటారు. దాని దెబ్బకి డ్యామేజ్‌తో పాటు స్ట్రెంగ్త్ స్కోర్ ఒక డీ4 (నాలుగు ముఖాల డైస్) తగ్గుతుంది, సున్నాకి వస్తే ప్రాణం పోతుంది, డెత్ సేవ్స్ (చావు నుంచి తప్పించుకునే డైస్) కూడా లేవు. నీ విజార్డ్ స్ట్రెంగ్త్ 8 అయ్యుంటే, డైస్ బాగా పడితే రెండు దెబ్బలు చాలు. అలాంటివి మూడు ఒకేసారి చీకట్లోంచి వస్తే క్యాంపెయిన్ అక్కడే ఆగిపోతుంది. అదే షాడోని ఒక్కదాన్ని పెట్టి, దూరంగా, గోడ మీద ఎవరి నీడకీ సరిపోని నీడగా ముందు సెషన్ అంతా చూపించి, మూడో లెవెల్‌లో ఒక్కసారి తాకిస్తే భయం కావలసినంత వస్తుంది.

స్పెక్టర్ (ప్రేతాత్మ) రేటింగ్ 1. లైఫ్ డ్రెయిన్ 3డీ6, అంటే సగటున 10, డీసీ 10 కాన్ సేవ్ తప్పితే అంత మేరా మ్యాక్స్ హెచ్‌పీ కూడా తగ్గుతుంది, అది సున్నా అయితే చావు. ఎనిమిది హెచ్‌పీ విజార్డ్‌కి అది ఒక్క దెబ్బే. కాబట్టి నీ మిల్లులో దెయ్యం మూడో లెవెల్‌కి ముందు వద్దు, లేదా ఆ దెయ్యం అసలు కొట్టదు, అది అడిగింది దొరికితే పోతుంది అని పెట్టుకో. ఘౌల్ (శవాలు తినే అన్‌డెడ్) కూడా చూసుకో, గోళ్లు తగిలి డీసీ 10 సేవ్ తప్పితే ప్యారలైజ్ అవుతారు, ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిట్. ఎల్వ్స్‌కి ఆ ప్యారలిసిస్ పట్టదు, పార్టీలో ఎల్ఫ్ ఉంటే మిగతా అందరూ కట్టెల్లా పడిపోయి తను ఒక్కతే నిలబడే సీన్ చాలా బాగుంటుంది.

లో లెవెల్‌కి నిజంగా పనికొచ్చేవి క్రాలింగ్ క్లా, రెండే హెచ్‌పీ, కానీ తెగిన చెయ్యి మంచం కింద పాకుతుంటే ఎవరూ హెచ్‌పీ లెక్కపెట్టరు. రెండో లెవెల్‌లో స్కేర్‌క్రో (ప్రాణమున్న దిష్టిబొమ్మ). పొలంలో ఉన్న బొమ్మల సంఖ్య ప్రతి పూటా నువ్వు వేరుగా చెప్తూ ఉండు, ఎవరో ఒకరు గమనిస్తారు, ఇంక ఆ రోజుకి ఎవరూ పొలం వైపు వెళ్లరు.

ఇంకోటి వెలుతురు. డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) ఉంటే చీకటి పట్టించుకోరు అనుకుంటాం గానీ రూల్ చదివితే పూర్తి చీకట్లో వాళ్లకి డిమ్ లైట్‌లా కనిపిస్తుంది, చూపుతో వేసే పర్సెప్షన్‌కి (గమనించే డైస్‌కి) డిసడ్వాంటేజ్ (రెండు సార్లు వేసి తక్కువది తీసుకోవాలి), రంగులు అసలు కనిపించవు, బూడిద షేడ్స్ మాత్రమే. నేల మీద తడి ఉంది అని చెప్పు. నీళ్లా రక్తమా తేల్చుకోవాలంటే టార్చ్ వెలిగించాలి. టార్చ్ 20 అడుగులు బ్రైట్, ఇంకో 20 డిమ్, గంటసేపు, కానీ దాన్ని అవతలి వాళ్లు ఎంత దూరం నుంచైనా చూస్తారు. వెలిగించాలా వద్దా అన్న చర్చ నువ్వేం చెయ్యకుండానే ప్లేయర్స్ మధ్య మొదలవుతుంది.

మంచులోయ:

గంట ముసలాయన కథ చదువుతుంటే ఒళ్లు జలదరించింది అన్నా, వాడేసుకుంటున్నా. డార్క్‌విజన్ రంగుల విషయం రూల్‌బుక్‌లో ఎన్నోసార్లు చదివాను కానీ ఇలా వాడొచ్చని తట్టలేదు. టర్న్ అన్‌డెడ్ సంగతి ఎవరైనా చెప్పండి. క్లెరిక్ ఆడేది మా గ్రూప్‌లో అందరికంటే ఉత్సాహంగా ఉండే అమ్మాయి, తన పవర్ పనిచెయ్యకుండా ఏదో సాకు చెప్పి ఆపడం నాకు ఇష్టం లేదు.

కొవ్వొత్తి:

ఆపకండి అసలు, పనిచెయ్యనివ్వండి. టర్న్ అన్‌డెడ్ తగిలి విజ్‌డమ్ సేవ్ తప్పిన శవం ఏం చేస్తుంది? నిమిషం పాటు వీలైనంత దూరం పారిపోవడానికి చూస్తుంది. ఎటు పారిపోతుందన్నది మీ చేతిలో ఉంది కదా. దాన్ని ఇంటికి పంపండి. చర్చి తలుపులోంచి బయటికి, శ్మశానం వైపు కాకుండా ఊరి పెద్ద ఇంటి వెనకాల నేలమాళిగ వైపు పరిగెత్తించండి. ఆ అమ్మాయి పవర్ గెలిచింది, దానితోపాటే అందరికీ పెద్ద క్లూ దొరికింది, ఇప్పుడు ఆ నేలమాళిగలోకి దిగాలా వద్దా అన్న భయం పట్టుకుంది. క్లెరిక్ తన దేవుడి పేరు తలచుకున్న ప్రతిసారీ ఈ లోయలో ఏదో ఒక నిజం బయటపడుతుందని ప్లేయర్స్‌కి అర్థమైతే ఆ కేరక్టర్ అంటే గ్రూప్ మొత్తానికి గౌరవం వస్తుంది.

డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ కూడా అంతే. 30 అడుగుల లోపు అన్‌డెడ్ ఉంటే తెలుస్తుంది, కానీ మూడడుగుల మట్టి గానీ అడుగు మందం రాయి గానీ అడ్డం ఉంటే పట్టదు. సమాధుల మధ్య నిలబడి స్పెల్ వేస్తే ఏమీ లేదు అని నిజాయితీగా చెప్పండి. మరుసటి రోజు అక్కడే ఒక గొయ్యి సగం లోతు తవ్వి ఉంటుంది, అప్పుడు వేస్తే మాత్రం తెలుస్తుంది. స్పెల్ పనిచేసే తీరు తెలిసిన ప్లేయర్‌కి ఆ క్షణంలో మొత్తం అర్థమైపోతుంది. ఆ మొదటి రాత్రి కాళ్ల కింద ఏమీ లేదనుకుని అక్కడే మంట వేసుకుని పడుకున్నారు కదా.

ఇక దొరసాని. సెకండ్ లెవెల్‌లోనే చూపించండి, కానీ గడప అవతల. వాంపైర్ ఎవరి ఇంట్లోకైనా లోపలివాళ్లు పిలవందే అడుగుపెట్టలేదు, అది రూల్స్‌లోనే ఉంది. వీళ్లు గంటాయన కూతురింట్లో ఉండగా రాత్రి తలుపు తడుతుంది. ఆవిడ కోపంగా ఉండకూడదు. చావుకి పరామర్శకి వచ్చింది. చనిపోయినాయన పేరు, ఆయన చిన్నతనం, ఆయన తాతగారి సంగతి కూడా చెప్తుంది. చలిగా ఉంది లోపలికి రమ్మనరా అని అడుగుతుంది, ఒక్కసారే. ప్లేయర్స్ అందరూ కూతురి వైపు చూస్తారు, ఆమె ఏమంటుందో మీరు వెంటనే చెప్పకండి, రెండు నిమిషాలు ప్లేయర్స్‌ని మాట్లాడనివ్వండి. కొట్లాట లేదు, ఇనీషియేటివ్ (కొట్లాటలో ఎవరు ముందో తేల్చే డైస్) లేదు. వెళ్తూ వెళ్తూ విజార్డ్‌ని పేరు పెట్టి పిలిస్తే చాలు, వాళ్లెవరూ పేరు చెప్పలేదు కదా.

ఒక్క జాగ్రత్త, వాంపైర్ చార్మ్ (మనసు లోబరచుకునే శక్తి) డీసీ 17, 30 అడుగుల నుంచి పనిచేస్తుంది, సెకండ్ లెవెల్ వాళ్లు ఎక్కువసార్లు ఫెయిల్ అవుతారు. ఆ రాత్రి వాడకండి. వాడితే ఆ గడప సీన్‌కి అర్థం పోతుంది, పిలవాలా వద్దా అని తేల్చుకునేది ప్లేయర్సే అయ్యుండాలి.

ఊళ్లో ఒక్క ఇల్లయినా నిజంగా సేఫ్‌గా ఉంచండి, కనీసం మూడో లెవెల్ దాకా. ఎప్పుడూ ఎక్కడా నిద్రపట్టని ఊళ్లో ప్లేయర్స్ ఎవరినీ ప్రేమించరు, లాంగ్ రెస్ట్ కోసం ఊరు వదిలి అడవిలోకి పోతారు.

పాతశవపేటిక:

నాది కాస్త వేరే అభిప్రాయం. ఇంత సున్నితంగా నడిపితే ప్లేయర్స్‌కి తమకేం కాదన్న ధీమా వచ్చేస్తుంది. మొదటి రెండు సెషన్లలో ఒక్క ప్లేయర్ కేరక్టర్ అయినా పోవాలి, అప్పుడే లోయ అంటే ఏంటో తెలుస్తుంది. ఫస్ట్ లెవెల్ కేరక్టర్ మీద ఎవరికీ పెద్దగా మమకారం ఉండదు కాబట్టి నష్టం కూడా తక్కువ.

అర్ధరాత్రి_డీఎం:

నష్టం తక్కువ అన్నావు చూడు, సమస్య అక్కడే ఉంది అన్నా. మమకారం లేని కేరక్టర్ పోతే భయం కూడా అంతే ఉంటుంది, తర్వాతి కేరక్టర్‌ని ఇంకా తక్కువ ప్రేమతో రాసుకొస్తారు, పేరు కూడా సరిగా పెట్టరు. డైస్ పడి చస్తే చావనీ, నేను డైస్ దాచమనట్లేదు, నా టేబుల్ మీద అందరి ముందే వేస్తా. ప్లాన్ చేసి చంపకు అంటున్నా. ఈ లెవెల్స్‌లో ప్రాణం కాకుండా తీసుకోగలిగినవి చాలా ఉన్నాయి. చూపు కాస్త తగ్గొచ్చు, నీడ పోవచ్చు, ఊళ్లో నమ్మకం పోవచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉత్తరంలో అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోవచ్చు. వాటన్నింటికీ వాళ్లు బతికి ఉండాలి.

నాలుగోకుర్చీ:

నేను డీఎం (ఆట నడిపేవాళ్లు) కాదు, హారర్ గేమ్స్‌లో ప్లేయర్‌ని మాత్రమే, అటువైపు నుంచి ఒక మాట. సెషన్ జీరో (ఆట మొదలుపెట్టేముందు అందరూ కూర్చుని మాట్లాడుకోవడం) తప్పనిసరిగా పెట్టండి ప్లీజ్. ఏ విషయాలు కథలోకి అసలు రాకూడదు, ఏవి వచ్చినా తెర వెనక జరిగిపోవాలి, లైన్స్ అండ్ వెయిల్స్ అంటారు కదా, అవి ముందే రాసుకోండి. పిల్లలకి హాని, బలవంతం, ఒంటి మీద పురుగులు, బతికుండగా పాతిపెట్టడం, ఇవన్నీ గోతిక్‌లో మామూలుగా వచ్చేవే కాబట్టి అడిగి తీరాలి. టేబుల్ మధ్యలో ఎక్స్ కార్డ్ పెట్టండి, ఎవరైనా ముట్టుకుంటే కారణం అడక్కుండా ఆ సీన్ వదిలేసి ముందుకెళ్లిపోండి. దీనివల్ల భయం తగ్గుతుందని కొందరు అంటారు, నా వరకూ అయితే ఎక్కడ ఆగుతుందో తెలిసినప్పుడే నేను పూర్తిగా మునిగి ఆడగలను, లేకపోతే ఒక కాలు ఒడ్డునే ఉంటుంది.

ఇంకోటి, నీకు భయమేస్తోంది అని మా కేరక్టర్ తరఫున మీరు చెప్పకండి. ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, ఏ వాసన వస్తోంది అంతే చెప్పండి. శవం జుట్టు తడిగా ఉంది అన్న వాక్యం పనిచేసింది అందుకే. చార్మ్ లాంటివి ప్లేయర్ కేరక్టర్ మీద వాడేముందు ఆ ప్లేయర్‌ని పక్కకి పిలిచి అడిగితే మేమే మీకంటే ఎక్కువ నాటకం ఆడి చూపిస్తాం.

మంచులోయ:

సెషన్ జీరో వచ్చే వారమే పెడుతున్నా. ఇప్పుడు ప్లాన్ ఇలా మారింది. ఫస్ట్ లెవెల్ గంటాయన కాపలా మూడు రాత్రులు, అది అవగానే 300 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) లెక్క చూడకుండా మైల్‌స్టోన్‌గా (కథలో ఒక ఘట్టం దాటినందుకు) రెండో లెవెల్. తర్వాత గడప దగ్గర దొరసాని, పొలంలో బొమ్మలు, టర్న్ చేసిన శవం ఊరి పెద్ద నేలమాళిగకి పరిగెత్తడం. మూడో లెవెల్‌లో మిల్లు, అక్కడి స్పెక్టర్ ఊరి పెద్ద చెల్లెలు, దొరసానితో ఒప్పందం కుదరాలంటే మొదట ఎవరినో ఇవ్వాల్సి వచ్చింది, ఇచ్చింది ఆమెని, పిండి బస్తాల వెనక గోడలో ఇప్పటికీ ఉంది. పెద్దాయనకి ఆ సంగతి తెలిసి ముప్ఫై ఏళ్లుగా అదే మిల్లు పిండి తింటున్నాడు. ఇది రాసుకుంటుంటే నాకే కడుపులో తిప్పింది, కాబట్టి సరైన దారిలోనే ఉన్నాననుకుంటున్నా.

ఇక మిగిలింది అడవిలో తోడేళ్లు. నాలుగో లెవెల్‌కి వేర్‌వుల్ఫ్ (తోడేలుగా మారే మనిషి) పెడదామనుకుంటున్నా. కానీ వెండి కత్తి లేకపోతే దెబ్బలు తగలవు కదా, ప్లేయర్స్ దగ్గర వెండి ఎక్కడిది?

డైస్‌పెట్టె:

ఆ వెండే నీ అడ్వెంచర్ బ్రో. 2014 రూల్స్‌లో వేర్‌వుల్ఫ్ 58 హెచ్‌పీ, మామూలు ఆయుధాలు అస్సలు పనిచెయ్యవు, మ్యాజిక్ అన్నా ఉండాలి, వెండి పూత అన్నా ఉండాలి. విజార్డ్ స్పెల్స్, క్లెరిక్ స్పెల్స్ పనిచేస్తాయి, ఫైటర్, రోగ్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడాలి. కరిస్తే డీసీ 12 కాన్ సేవ్, తప్పితే లైకాంత్రోపీ (తోడేలుగా మారే శాపం), దానికి మందు రిమూవ్ కర్స్, అది ఐదో లెవెల్‌కి గానీ రాదు. అంటే నాలుగో లెవెల్‌లో కరిస్తే కనీసం ఒక లెవెల్ దాకా ఆ భయాన్ని మోసుకు తిరగాలి, వచ్చే పౌర్ణమి ఎప్పుడని క్యాలెండర్ వాళ్లే అడుగుతారు.

లోయలో వెండి ఒకే ఒక్క చోట ఉంది అని పెట్టు, చర్చిలో ఆరాధనకి వాడే పాత్ర. విలువ సుమారు 100 గోల్డ్. ఒక కత్తికి వెండి పూత వెయ్యడానికి అయ్యేది అంతే, లేదా పది బాణాలకి. హోలీ వాటర్ చెయ్యాలన్నా సీసాకి 25 గోల్డ్ విలువ చేసే వెండిపొడి, గంటసేపు రిచువల్, క్లెరిక్‌ది ఒక స్లాట్ కావాలి, అంటే నాలుగు సీసాలు వస్తాయి, అన్‌డెడ్ మీద ఒక్కోటి 2డీ6 రేడియంట్, వేర్‌వుల్ఫ్ మీద మాత్రం ఏం చెయ్యదు. తోడేలు కోసం కత్తి చేయించుకుంటే దొరసాని మీదికి సీసాలు లేవు. సీసాలు దాచుకుంటే ఈ పౌర్ణమికి ఊళ్లో ఎవరో పోతారు. పాత్ర కరిగించడానికి పాస్టర్ ఒప్పుకోడు, ఎందుకంటే ఊళ్లో ప్రతి బిడ్డకీ ఆ పాత్రతోనే పేరు పెట్టారు, గంటాయన కూతురుతో సహా. ఆ అమ్మాయిని ఆ సీన్‌లో ఉంచు, మొదట అడగాల్సింది తననే. కత్తి ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ మాత్రం ప్లేయర్స్‌కే వదిలేయ్, ఆ సెషన్‌లో సగం టైమ్ దానికే పోతుంది, పోనివ్వు.